ఉద్యోగం చేస్తూ ఒంటరిగా బిడ్డను పెంచుకుంటున్నవారికి పదిహేను నెలల నర్సింగ్ కోర్సు సరిపడుతుందా?

పాలపిట్ట (ఇర్వింగ్, టెక్సాస్)

అందరికీ నమస్కారం. సలహా అడిగేముందు నా పరిస్థితి వివరంగా చెప్పడం మంచిదనుకుంటున్నాను. కాకతీయ విశ్వవిద్యాలయంలో బీకామ్ చదివాను. పెళ్లయ్యాక డాలస్ ప్రాంతానికి వచ్చి, కొన్నేళ్లుగా ఒక మెడికల్ బిల్లింగ్ కంపెనీలో ఇంటి నుంచే పనిచేస్తున్నాను. విడాకులు పూర్తయ్యాయి. బాబు ఒకటో తరగతి, నా దగ్గరే ఉంటాడు; నెలలో మొదటి, మూడవ, అయిదవ వారాంతాలు మాత్రం తండ్రి దగ్గరికి వెళ్తాడు. బాబు నివాసం డాలస్ కౌంటీని, దాన్ని ఆనుకొని ఉన్న కౌంటీలను దాటకూడదని కోర్టు ఉత్తర్వులో ఉన్నందువల్ల చదువు కోసం వేరే ఊరికి వెళ్లే వీలు లేదు. నాకు పౌరసత్వం ఉంది, పాత అప్పులు లేవు, కొన్ని నెలల ఖర్చులకు సరిపడా దాచుకున్న డబ్బు ఉంది.

మా కంపెనీలో కోడింగ్ పని (రోగాలకు, చికిత్సలకు బిల్లు కోడ్లు వేయడం) క్రమంగా సాఫ్ట్‌వేర్ చేతికి పోతోంది కనుక బాబు హైస్కూలుకు వచ్చేనాటికి ఈ ఉద్యోగం ఉంటుందన్న భరోసా నాకు లేదు. నర్సింగ్ మీద ఇష్టం మాత్రం అంతకు ముందు నుంచే ఉంది. ఇప్పుడు నా ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. వేరే డిగ్రీ ఉన్నవారి కోసం ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం నడిపే ఏబీఎస్ఎన్, అంటే పదిహేను నెలల్లో బీఎస్ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్స్) పట్టా, మొదటిది. దాని ఫీజు సుమారు 65,000 డాలర్లు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల ఏడీఎన్ (నర్సింగ్‌లో అసోసియేట్ డిగ్రీ) రెండవది. నేరుగా మాస్టర్స్‌లో చేరడం మూడవది. ఆ విశ్వవిద్యాలయం అడ్వైజరు వారానికి రెండుసార్లు ఫోన్ చేసి, ఈ నెలాఖరులోగా డిపాజిట్ కట్టమంటున్నారు. ఉద్యోగం వదలకుండా చేయవచ్చా అని అడిగితే "చాలామంది చేస్తున్నారు" అంటారే తప్ప ఎలాగో చెప్పడం లేదు. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

రాత్రిడ్యూటీ (ఆర్ఎన్, హ్యూస్టన్)

పాలపిట్ట గారూ, నేను ఏబీఎస్ఎన్ చేసి ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) అయినవాడిని. అప్పటికి నా భార్య చనిపోయి ఏడాది దాటింది, పాప కిండర్‌గార్టెన్‌లో ఉంది. కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు.

ఉద్యోగం చేస్తూ చేయవచ్చా అన్నదానికి నా సమాధానం: పూర్తికాలం ఉద్యోగంతో సాధ్యం కాదు. మామూలు బీఎస్ఎన్ విద్యార్థి నాలుగైదు సెమిస్టర్లలో చదివే నర్సింగ్ భాగాన్నే ఇక్కడ సెలవుల్లేకుండా కుదించి పెడతారు. ఒక్క అక్షరం తగ్గించరు. వారంలో రెండు లేదా మూడు రోజులు క్లినికల్స్ (ఆసుపత్రిలో శిక్షణ) ఉంటాయి, ఒక్కోటి పన్నెండు గంటలు. పగటి షిఫ్టు చేతులు మారేది పావు తక్కువ ఏడుకు కనుక ఆ సమయానికి మీరు యూనిట్‌లో నిలబడి రాత్రి నర్సు చెప్పే రిపోర్టు రాసుకుంటూ ఉండాలి. అందుకోసం నేను అయిదింటికి లేచి, నిద్రలో ఉన్న పాపకు స్వెటరు వేసి, ఎత్తుకుని కారులో పడుకోబెట్టి, పక్క వీధిలోని ఒక తెలుగావిడ ఇంటి డేకేర్‌లో దింపేవాణ్ణి. చాలా బళ్లలో ఉదయపు కేర్ ఆరున్నరకో ఏడుకో గానీ తెరవరు. ఆ వేళకు తెరిస్తే మనకు పనికిరాదు. కోర్సు పేరులో "ఆన్‌లైన్" అని ఉన్నా మోసపోకండి. పాఠాలు మాత్రమే ఆన్‌లైన్, ల్యాబు, ఆసుపత్రి కాదు.

అయినా నేను ఈ దారినే సమర్థిస్తాను. కష్టమంతా ఒక్కచోటికి చేర్చి ముగించేయడంలో ఒక సౌలభ్యం ఉంది: ఏ తేదీన బయటపడతామో ముందే తెలుస్తుంది. మా అమ్మగారు తణుకు నుంచి వచ్చి ఆరు నెలలు ఉండగలిగారు కనుక ఆ ఆరు నెలలు నాకు అత్యంత కఠినమైన సెమిస్టర్లతో సరిపోయేలా చూసుకున్నాను. మీ ఇంటినుంచి ఎవరైనా రాగలిగితే, కోర్సు మొదట్లోనే పిలిపించుకోకుండా మెడ్-సర్జ్ (పెద్దల వైద్య, శస్త్రచికిత్స నర్సింగ్), పీడియాట్రిక్స్ ఉన్న సెమిస్టరుకు వచ్చేలా టికెట్టు వేయండి.

లెక్కలపుస్తకం (ఎడిసన్, న్యూజెర్సీ)

నేను నర్సును కాను. పన్నుల పని చేస్తాను, మా చెల్లెలు ఈ కోర్సు చేసినప్పుడు కాగితాలన్నీ నేనే చూశాను. డిపాజిట్ కట్టేముందు మీరు గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

ఒకసారి బ్యాచిలర్స్ డిగ్రీ వచ్చినవారికి ఫెడరల్ పెల్ గ్రాంటు (తిరిగి కట్టనక్కరలేని సహాయం) రాదు. రెండవ బ్యాచిలర్స్‌కు మిగిలేది అండర్‌గ్రాడ్యుయేట్ ఫెడరల్ అప్పు మాత్రమే. స్వతంత్ర విద్యార్థికి (తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి రానివారికి), మూడవ సంవత్సరం ఆపైన స్థాయిలో, దాని పరిమితి ఏడాదికి 12,500 డాలర్లు, జీవితకాలం మొత్తానికి 57,500. పదిహేను నెలల కోర్సు రెండు విద్యా సంవత్సరాలను తాకుతుందనుకున్నా మీకు వచ్చేది గరిష్ఠంగా 25,000. ఫీజు 65,000 అయితే మిగతా 40,000 ప్రైవేటు బ్యాంకు నుంచి తేవాలి. ఉద్యోగం మానేసిన మనిషికి, పూచీ సంతకం పెట్టేవారు లేకుండా, ఆ అప్పు దొరకడమే కష్టం, దొరికినా వడ్డీ ఎక్కువ. ఇంటి అద్దె, తిండి, బాబు కేర్ ఖర్చు ఈ లెక్కలోకి ఇంకా రానే లేదు. పిల్లల సంరక్షణ ఖర్చును "కాస్ట్ ఆఫ్ అటెండెన్స్" (చదువుకయ్యే మొత్తం ఖర్చు అంచనా)లో కలపమని ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును అడగవచ్చు, చాలాచోట్ల కలుపుతారు. అయితే అంతమాత్రాన ఫెడరల్ లోను పరిమితి పెరగదు.

పన్ను విషయానికి వస్తే, అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ మొదటి నాలుగేళ్ల కళాశాల చదువుకే వర్తిస్తుంది. లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ ఏడాదికి 2,000 డాలర్ల వరకు ఉన్నా అది కట్టవలసిన పన్నులోంచి తగ్గించేదే కానీ చేతికి తిరిగిచ్చేది కాదు కనుక, జీతం లేని ఏడాది దాని వల్ల మీకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

మాస్టర్స్ దారి గురించి ఒక్క మాట. 2025లో వచ్చిన చట్టంతో 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ లోను (మాస్టర్స్ వంటి చదువుల ఖర్చంతటికీ ఇచ్చే ఫెడరల్ అప్పు) మూసేశారు. ఇక మిగిలేది ఏడాదికి 20,500 డాలర్ల ఫెడరల్ అప్పు. ఆ దారి ఫీజు ఇంకా ఎక్కువ కాబట్టి దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టడం మేలు.

ఏలూరుకాలువ (క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్, ఫోర్ట్‌వర్త్)

డబ్బు గురించి పైన చెప్పారు. నేను కాలేజీని ఎలా చూడాలో చెబుతాను, ఎందుకంటే అడ్వైజరు అనే మనిషి చాలాచోట్ల అమ్మకాల విభాగం ఉద్యోగి, ఆయన చెప్పేది ఆయన పని.

మొదట, ఆ ప్రోగ్రాముకు టెక్సాస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ అనుమతి ఉందో లేదో బోర్డు వెబ్‌సైటులో మీరే చూసుకోండి. తర్వాత నర్సింగ్ చదువులను పరిశీలించే సీసీఎన్ఈ గానీ ఏసెన్ గానీ ఇచ్చిన అక్రెడిటేషన్ (గుర్తింపు) ఉందా అని చూడండి. అది లేకపోతే రేపు మాస్టర్స్‌కు వెళ్లేటప్పుడు, కొన్ని ఆసుపత్రుల్లో ఉద్యోగానికి కూడా, తలుపులు మూసుకుంటాయి. తొందరపెట్టే చదువుల విషయంలో ఈ జాగ్రత్త ఎందుకంటే, 2023 జనవరిలో ఫ్లోరిడాలోని కొన్ని స్కూళ్లు వేల సంఖ్యలో దొంగ నర్సింగ్ డిప్లొమాలు అమ్మిన వ్యవహారం ఆపరేషన్ నైటింగేల్ పేరుతో బయటపడింది. డబ్బు పోవడంతో ఆగకుండా ఆ కాగితాలతో లైసెన్సు పొందినవారి మీద అనేక రాష్ట్రాల బోర్డులు చర్యలు తీసుకున్నాయి.

ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్సు పరీక్ష) మొదటి ప్రయత్నంలో ఉత్తీర్ణుల శాతాన్ని బోర్డు ఏటా ప్రకటిస్తుంది. టెక్సాస్‌లో ఏ ప్రోగ్రామైనా 80 శాతం నిలుపుకోవాలి. అయితే ఆ ఒక్క అంకెనే నమ్మవద్దు. చేరినవారిలో సమయానికి బయటకు వచ్చినవారెంతమంది అని అడగండి. బలహీనంగా ఉన్నవారిని చివరి సెమిస్టరులో హెసీ, ఏటీఐ వంటి ఎగ్జిట్ పరీక్ష దగ్గర ఆపేసి, ఎన్‌క్లెక్స్‌కే పంపకుండా, శాతాన్ని అందంగా ఉంచుకునే చోట్లు ఉన్నాయి. ఒక సబ్జెక్టు తప్పితే ఏమవుతుందో కూడా రాతపూర్వకంగా తెలుసుకోండి. వేగవంతమైన కోర్సులో అదే సబ్జెక్టు మళ్లీ వచ్చేదాకా బ్యాచ్ మారి ఆగవలసి వస్తుంది, అప్పటికి తీసుకున్న అప్పు మాత్రం ఆగదు. బాబుకు జ్వరం వచ్చి రెండు క్లినికల్స్ పోతే భర్తీ చేసే ఏర్పాటు ఉందా? ఒంటరి తల్లికి అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, దీనికి స్పష్టమైన జవాబు ఇవ్వలేని కాలేజీకి డిపాజిట్ కట్టవద్దు.

మీరు బీకామ్ అన్నారు కనుక ఇంకొక సంగతి. అది మూడేళ్ల డిగ్రీ. ఏబీఎస్ఎన్‌కు కావలసింది అమెరికా బ్యాచిలర్స్‌తో సమానమైన డిగ్రీ. మన మూడేళ్ల పట్టాను కొన్ని సందర్భాల్లో సమానమని, కొన్ని సందర్భాల్లో మూడేళ్ల కళాశాల చదువుతో మాత్రమే సమానమని, విదేశీ డిగ్రీలను ఎవాల్యుయేషన్ చేసే (విలువకట్టే) క్రెడెన్షియల్ సంస్థలు తేలుస్తాయి. చదివిన కాలేజీని బట్టి, సంస్థను బట్టి ఇది మారుతుంది. మీ ఎవాల్యుయేషన్ ఏమంటోంది?

పాలపిట్ట (ఇర్వింగ్, టెక్సాస్)

అందరికీ కృతజ్ఞతలు. ఉద్యోగంలో చేరినప్పుడు చేయించిన ఎవాల్యుయేషన్ కాగితం తీసి చూశాను. "మూడేళ్ల అండర్‌గ్రాడ్యుయేట్ చదువుతో సమానం" అని ఉంది. ఈ విషయం అడ్వైజరుకు చెబితే, వేరే సంస్థ దగ్గర మళ్లీ చేయించమని, వాళ్లు సమానమని ఇవ్వవచ్చని అన్నారు. నాకు దారి మూసుకుపోయినట్టేనా?

లెక్కలపుస్తకం (ఎడిసన్, న్యూజెర్సీ)

మూసుకుపోలేదు. మీకు తెలియకుండానే ఇంకొకటి తెరుచుకుని ఉండవచ్చు.

విదేశీ బ్యాచిలర్స్ డిగ్రీ ఉంటే సాధారణంగా పెల్ గ్రాంటు రాదు. కానీ ఆ డిగ్రీ అమెరికా బ్యాచిలర్స్‌తో సమానం కాదని రాతపూర్వక ఆధారం చూపిస్తే, మీకు బ్యాచిలర్స్ లేనట్టుగా పరిగణించే అధికారం కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు ఉంది. నిర్ణయం వాళ్లదే, అయినా ఆ కాగితం మీ చేతిలో ఉంది కనుక అడగడంలో నష్టం లేదు. 2025-26 విద్యా సంవత్సరానికి పెల్ గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. కమ్యూనిటీ కాలేజీలో సొంత కౌంటీ వారికి ఉండే ఫీజుతో పోల్చితే అది చిన్న మొత్తం కాదు. మీ ఆదాయాన్ని బట్టి ఎంత వస్తుందో ఫాఫ్సా (ఫెడరల్ సహాయ దరఖాస్తు) నింపితే తేలుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఒక కాలేజీకి "సమానం" అనే కాగితం, ఇంకొక కాలేజీకి "సమానం కాదు" అనే కాగితం ఇచ్చే ఆలోచన ఎవరు చెప్పినా వినవద్దు. ఫాఫ్సా అనేది ఫెడరల్ ప్రభుత్వానికి చేసే ప్రమాణపూర్వక ప్రకటన. ఏదో ఒక దారి ఎంచుకుని దానికే కట్టుబడండి.

కొత్తగా_వచ్చాను (షార్లెట్, నార్త్ కరోలినా)

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నేను హెచ్-4 వీసా మీద ఉన్నాను, ఒక పాప ఉంది, భర్తతో విడిగా ఉంటున్నాను. ఈ సహాయాలు నాకు వర్తిస్తాయా?

లెక్కలపుస్తకం (ఎడిసన్, న్యూజెర్సీ)

హెచ్-4 మీద చదువుకోవచ్చు. ఫెడరల్ గ్రాంట్లు, లోన్లు మాత్రం పౌరులకు, గ్రీన్‌కార్డు వంటి అర్హత ఉన్నవారికే. చదువు తర్వాత పని చేయడానికి ఈఏడీ (పని అనుమతి పత్రం) కావాలి. మామూలు వార్డు నర్సు ఉద్యోగానికి హెచ్-1బీ దొరకడం కష్టం, ఎందుకంటే ఏడీఎన్‌తోనే లైసెన్సు వస్తుంది కనుక బ్యాచిలర్స్ తప్పనిసరి అని నిరూపించలేరు. నర్సులు ఎక్కువగా వచ్చేది ఈబీ-3 గ్రీన్‌కార్డు దారిలో. పైగా విడాకులైతే హెచ్-4 హోదానే పోతుంది కాబట్టి, కోర్సు గురించి ఆలోచించే ముందు ఇమిగ్రేషన్ లాయరును కలవండి. వివరాలకు వేరే చర్చ మొదలుపెడితే అందరం అక్కడ రాస్తాం.

మల్లెపందిరి (ఆర్ఎన్, ప్లేనో)

పాలపిట్టా, నేను నీకంటే పెద్దదాన్ని కనుక చనువుగా రాస్తున్నాను. నేను కమ్యూనిటీ కాలేజీలో ఏడీఎన్ చేసి, ఇద్దరు పిల్లలను ఒక్కదాన్నే పెంచుకుంటూ నర్సునయ్యాను. ఈ చర్చలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ముందు చెబుతాను: ఉద్యోగం మానేస్తే నీ ఆరోగ్య బీమా ఏమవుతుంది?

తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే బీమా అయిన మెడికెయిడ్‌ను టెక్సాస్ విస్తరించలేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి ఇక్కడ అది దాదాపు రాదు. ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో సొంతంగా కొనుక్కునే బీమాలో ప్రీమియం సహాయం కావాలంటే ఆదాయం పేదరిక రేఖకు కనీసం సమానంగా ఉండాలి. ఇద్దరున్న కుటుంబానికి 2025లో ఆ రేఖ 21,150 డాలర్లు. జీతం పూర్తిగా మానేసినవారికి ఆదాయం ఉండదు. చదువు అప్పు ఆదాయం కాదు. బాబు పోషణకు తండ్రి ఇచ్చే డబ్బు కూడా ఆ లెక్కలోకి రాదు. అంటే మెడికెయిడూ రాదు, సహాయమూ రాదు; పూర్తి ధర పెట్టి కొనుక్కోవాలి. బాబుకు చిల్డ్రన్స్ మెడికెయిడ్ గానీ చిప్ (పిల్లల బీమా పథకం) గానీ వస్తుంది, బెంగ లేదు. మధ్యలో పడిపోయేది తల్లి. క్లినికల్స్‌లో చేరాలంటే బీమా ఉండాలని చాలా కాలేజీలు నియమం పెడతాయి కూడా. ఏబీఎస్ఎన్‌లో చేరి పని పూర్తిగా మానేసినవారికి ఈ గొయ్యి కనిపించదు, పడ్డాకే తెలుస్తుంది.

అందుకని నేను చెప్పేది, చదువు కన్నా ముందు ఉద్యోగం మార్చు. నీకు బిల్లింగ్ అనుభవం ఉంది. ఇప్పుడున్న కంపెనీ నుంచి ఏదైనా పెద్ద ఆసుపత్రి సంస్థ సొంత బిల్లింగ్ విభాగానికి మారు. యజమాని ఇచ్చే చదువు సహాయంలో ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను ఉండదు, ఆసుపత్రుల్లో చాలా వాటికి ఈ పథకం ఉంది, నర్సింగ్ చదివే ఉద్యోగులకు షిఫ్టులు సర్దే అలవాటూ ఉంది. ఎంత కాలం పనిచేశాక సహాయం మొదలవుతుందో, చదువయ్యాక ఎన్నేళ్లు అక్కడే ఉండాలో చేరేముందే అడుగు. పార్ట్‌టైమ్‌కు మారినా బీమా కొనసాగే గంటలు ఎన్నో కూడా అడుగు. నాకు ఆ బీమానే నిలబెట్టింది.

ఆ ఉద్యోగంలో ఉంటూనే ముందస్తు కోర్సులు పూర్తిచెయ్యి. అనాటమీ-ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, సైకాలజీ వంటివి సాయంత్రం, ఆన్‌లైన్ తరగతుల్లో దొరుకుతాయి; డాలస్ కాలేజీ నార్త్ లేక్ క్యాంపస్ మీ ఇర్వింగ్‌లోనే ఉంది. బీకామ్‌లో ఇవేవీ లేవు కనుక ఏబీఎస్ఎన్‌కైనా, ఏడీఎన్‌కైనా నువ్వు వీటిని చదవక తప్పదు. ఈ ఏడాది కాలం ఏదీ వృథా కాదు, రెండింటికీ పనికొస్తుంది.

రాత్రిడ్యూటీ (ఆర్ఎన్, హ్యూస్టన్)

మల్లెపందిరి గారి మాటల్లో బీమా విషయం నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఏడీఎన్ గురించి రెండవ వైపు కూడా చెప్పాలి. అక్కడ సీట్లు తక్కువ, దరఖాస్తులు ఎక్కువ. ముందస్తు కోర్సుల మార్కులు, హెసీ ఏ2 లేదా టీస్ ప్రవేశ పరీక్ష స్కోరు కలిపి ర్యాంకు కడతారు. ఒక్క బీ గ్రేడు ఎక్కువైనా సీటు జారిపోవచ్చు, జారితే తర్వాతి బ్యాచ్ దాకా ఆగాలి. రెండుసార్లు జారినవారిని నేను చూశాను. చదవాలన్న ఊపు ఆ ఎదురుచూపుల్లో చల్లారిపోతుంది. డబ్బు పెట్టగలవారికి ఏబీఎస్ఎన్‌లో ఆ అనిశ్చితి తక్కువ. పైగా బీఎస్ఎన్ చేతిలో ఉంటే మాగ్నెట్ గుర్తింపు (నర్సింగ్ నాణ్యతకు ఇచ్చేది) ఉన్న పెద్ద ఆసుపత్రుల్లో కొత్త నర్సుల రెసిడెన్సీకి (శిక్షణతో కూడిన తొలి ఉద్యోగానికి) ఎంపికవడం సులభం.

లెక్కలపుస్తకం (ఎడిసన్, న్యూజెర్సీ)

మీ ఇద్దరి వాదనలూ విన్నాక లెక్క వేసి చూశాను, ఒక విచిత్రం బయటపడింది. అందరం "ఏడాదా, రెండేళ్లా" అని మాట్లాడుకుంటున్నాం. ముందస్తు కోర్సులు రెండు దారులకూ ఒకటే కనుక ఆ కాలం రెండు వైపులా కొట్టేయండి. ఏడీఎన్ ఆగస్టులో మొదలైతే నాలుగు సెమిస్టర్లు పూర్తయ్యేది రెండవ ఏడాది మే నెలకు, అంటే ఇరవై ఒక్క నెలలు. ఏబీఎస్ఎన్ పదిహేను. అసలు తేడా ఆరు నెలలే.

అమెరికా కార్మిక గణాంక విభాగం ప్రకారం రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ వార్షిక జీతం 2024 మే నాటికి 93,600 డాలర్లు. కొత్త నర్సుకు అంత రాదు, అయినా అదే అనుకుందాం. ఆరు నెలలు ముందుగా ఉద్యోగంలో చేరితే లాభం పన్నులకు ముందు 46,800. అందుకోసం మీరు పెట్టేది 65,000 ఫీజు, పదిహేను నెలల జీతం, బీమా, ప్రైవేటు అప్పు మీద వడ్డీ. ఏడీఎన్ ఫీజు, పుస్తకాలు, యూనిఫారం అన్నీ కలిపినా ఆ 65,000లో చిన్న భాగమే, పైగా సగం జీతమైనా వస్తూ ఉంటుంది. రాత్రిడ్యూటీ గారు చెప్పినట్టు సీటు ఒక ఏడాది జారితే ఈ లెక్క తారుమారవుతుంది, దాన్ని కాదనను. పాత డిగ్రీలోనే సైన్సు కోర్సులు ఉండి, ఇంట్లో మనిషి తోడుండి, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో తక్కువ ఫీజుకు ఏబీఎస్ఎన్ దొరికినవారికి కూడా లెక్క వేరుగా వస్తుంది. పాలపిట్ట గారి విషయంలో ఆ మూడూ లేవు.

ఇంకొకటి గుర్తుంచుకోండి. ఫెడరల్ ఆరోగ్య సంస్థ హెచ్ఆర్ఎస్ఏ వారి నర్స్ కోర్ స్కాలర్‌షిప్ ఫీజుతో పాటు నెలనెలా జీవనభృతి కూడా ఇస్తుంది. బదులుగా నర్సుల కొరత ఉన్న ఆసుపత్రిలో కనీసం రెండేళ్లు పనిచేయాలి. ఏడీఎన్ వారు కూడా అర్హులే. పోటీ గట్టిది, దాన్ని నమ్ముకుని ఉద్యోగం మానకండి కానీ దరఖాస్తు చేయడం మరవకండి. అయితే ఆ కొరత ఉన్న ఆసుపత్రి మీ కోర్టు ఉత్తర్వు అనుమతించే కౌంటీల్లోనే దొరకాలన్నది ముందే చూసుకోండి.

ఏలూరుకాలువ (క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్, ఫోర్ట్‌వర్త్)

ఏడీఎన్ చేసినా, బీఎస్ఎన్ చేసినా రాసేది ఒకటే ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్, వచ్చేది ఒకటే లైసెన్సు. టెక్సాస్ కాంపాక్ట్ (నర్సు లైసెన్సుల ఉమ్మడి ఒప్పందం) రాష్ట్రం కావడం వల్ల ఆ లైసెన్సు అనేక ఇతర రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. పెద్ద ఆసుపత్రులు బీఎస్ఎన్‌కు మొగ్గు చూపుతాయన్నది వాస్తవమే. 2010లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక నర్సుల్లో 80 శాతానికి బీఎస్ఎన్ ఉండాలని సిఫారసు చేసినప్పటి నుంచి ఆ ధోరణి పెరిగింది. అయినా ఏడీఎన్ వారిని తీసుకుని, నిర్ణీత కాలంలో బీఎస్ఎన్ పూర్తిచేస్తామని సంతకం పెట్టించుకునే ఆసుపత్రులు ఇక్కడ ఉన్నాయి. యూటీ ఆర్లింగ్టన్ వంటి చోట్ల ఆర్ఎన్ నుంచి బీఎస్ఎన్ ఆన్‌లైన్‌లో చేయవచ్చు. అది నిజంగా ఆన్‌లైనే, నర్సు జీతం తీసుకుంటూ, ఆసుపత్రి ఇచ్చే సహాయంతో.

ఏడీఎన్ తేలిక అనే భ్రమ మాత్రం వద్దు. అక్కడా క్లినికల్స్ పగలే, 75 శాతం మార్కులు రాకపోతే సబ్జెక్టు పోయినట్టే. మొదటి సెమిస్టరులో మందుల మోతాదు లెక్కల పరీక్ష ఉంటుంది, చాలాచోట్ల 90 శాతం రావాలి. ఉదాహరణకు 250 మిల్లీలీటర్ల సంచిలో 25,000 యూనిట్ల హెపారిన్ ఉంది, డాక్టరు గంటకు 1,200 యూనిట్లు ఇవ్వమన్నారు. పంపును ఎంతకు పెట్టాలి? ఒక మిల్లీలీటరుకు 100 యూనిట్లు, కాబట్టి గంటకు 12 మిల్లీలీటర్లు. బీకామ్ చదివిన మీకు ఈ లెక్క కష్టం కాదు. కష్టమల్లా, పక్కన మూడు అలారాలు మోగుతుండగా దశాంశ బిందువు తప్పకుండా వేయడంలో ఉంది. 120 అని నొక్కితే రోగికి పదింతల మందు పోతుంది. ఇంత ఏకాగ్రత కావలసిన పనిని, రాత్రంతా బిల్లింగ్ చేసి నిద్రలేని కళ్లతో వచ్చి నేర్చుకోలేరు. నా క్లినికల్ గ్రూపులో అలా వచ్చినవారిని ఇంటికి పంపించాను. అందుకని క్లినికల్స్ మొదలయ్యాక వారానికి ఇరవై గంటలకు మించి పని పెట్టుకోవద్దు.

వారాంతపు క్లినికల్స్ ఉన్న ట్రాకు దొరుకుతుందేమో కూడా కనుక్కోండి. బాబు తండ్రి దగ్గర ఉండే వారాంతాలు మీకు ముందే తెలుసు. షెడ్యూలు ఇచ్చేరోజు ఆ క్యాలెండరు పట్టుకుని కోఆర్డినేటరును కలిస్తే, కుదిరినంత వరకు సర్దుతారు. ఆఖరి నిమిషంలో అడిగితే ఎవరూ సర్దరు.

పాలపిట్ట (ఇర్వింగ్, టెక్సాస్)

మీరందరూ ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. డిపాజిట్ కట్టడం లేదు. ఆ విశ్వవిద్యాలయానికి ఏలూరుకాలువ గారు చెప్పిన ప్రశ్నలన్నీ ఈమెయిల్‌లో పంపాను. జ్వరం వచ్చి క్లినికల్ పోతే ఏమిటన్న ప్రశ్నకు "విద్యార్థి బాధ్యత" అన్న రెండు మాటలే జవాబుగా వచ్చాయి.

డాలస్ కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో మాట్లాడాను. ఎవాల్యుయేషన్ అసలు ప్రతిని సంస్థ నుంచి నేరుగా తెప్పించమన్నారు, చూశాక చెబుతామన్నారు. అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. రెండు ఆసుపత్రి సంస్థల బిల్లింగ్ విభాగాలకు దరఖాస్తు పెట్టాను. అమ్మను ఇప్పుడే రమ్మనడం లేదు. ఆమె వచ్చి ఉండగలిగే ఆరు నెలలను క్లినికల్స్ మొదలయ్యే సెమిస్టరుకే దాచుకుంటాను.

ఒక్క సందేహం మిగిలింది. అనాటమీ-ఫిజియాలజీ మొదటి భాగం, మైక్రోబయాలజీ ఒకే సెమిస్టరులో తీసుకోవచ్చా? త్వరగా ముగుస్తుందని ఆశ.

మల్లెపందిరి (ఆర్ఎన్, ప్లేనో)

తీసుకోవద్దు. రెండింటికీ ల్యాబులున్నాయి, రెండింటి గ్రేడూ ర్యాంకులోకి వెళ్తుంది. మొదటి సెమిస్టరులో అనాటమీ ఒక్కటి పెట్టుకుని, దానికి తోడు సైకాలజీ లాంటిది ఆన్‌లైన్‌లో పెట్టుకో. వేసవిలో కుదించిన సైన్సు కోర్సుల జోలికి వెళ్లకు. పాత సైన్సు గ్రేడుకు కాలపరిమితి పెట్టే కాలేజీలు ఉంటాయి కనుక, అనాటమీ మొదలుపెట్టేముందే ఏ ఏ కాలేజీలకు దరఖాస్తు చేస్తావో అనుకుని, వాటి నియమాలు చూసుకో. డాలస్ కాలేజీతో పాటు కాలిన్ కాలేజీని కూడా ఆ జాబితాలో పెట్టు. బయటి కౌంటీ ఫీజు కొంచెం ఎక్కువే అయినా, రాత్రిడ్యూటీ గారు భయపడిన సీటు సమస్యకు రెండుచోట్ల దరఖాస్తే మందు. అనాటమీ ఎముకల ప్రాక్టికల్ దగ్గరికి వచ్చాక నాకు సందేశం పెట్టు, నా పాత ఫ్లాష్‌కార్డులు అట్టపెట్టె నిండా ఉన్నాయి, ఇర్వింగ్ వైపు వచ్చినప్పుడు ఇచ్చి వెళ్తాను.